ఇంతకు ముందు వాడిన పేర్లు

చేతులకు రొట్టె పిండి అంటుకుని ఉండగానే ఫోను మోగేది. ఎత్తేది నేనే. ఇల్లు కొనడానికి అప్పు కావాలి, వడ్డీ ఎంత పడుతుందని అవతల ఎవరో అడిగేవారు. ఎంతో నాకు తెలుసు. పొద్దున్నే వడ్డీల కాగితాలన్నీ సర్దింది నేనే కదా. కానీ లైసెన్సు లేని మనిషి ఆ మాట నోటితో అనకూడదు. అది చట్టం. అందుకని టీవీ ముందు కునుకు తీస్తున్న మా ఆయన రాయిస్‌ని లేపి, ఫోను చేతికిచ్చి, పక్కనే నిలబడి చెవిలో చెప్పేదాన్ని. నేను గుసగుసలాడింది అతను గట్టిగా పలికేవాడు. అవతలివాళ్లు మెచ్చుకుంటే నవ్వేవాడు. మా ముందుగదే ఆఫీసు. బోర్డు మీద టాకెట్ అని అతని పేరు. నాకు జీతం లేదు. "నీ చేతులు నువ్వు కడుక్కుంటే ఎవరైనా డబ్బులిస్తారటే పిల్లా?" అనేది మా అత్త ఇమోజీన్. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. మాట మాత్రం మా వంటింట్లోనే కాపురముంది.

ఒకసారి నర్సు పని చేసే డెల్లా అనే పిల్ల ఫోను చేసింది. తన సంపాదనతో తన పేరున ఇల్లు కొనుక్కోవాలని దాని ఆశ. "మీరే చెప్పండమ్మా, మగవాళ్లతో డబ్బు మాటంటే నాకు నోరు పెగలదు" అంది. అయినా ఫోను రాయిస్‌కే ఇచ్చాను. అతని గొంతు వినగానే ఆ పిల్ల ఫోను పెట్టేసింది. ఆ సాయంత్రం గిన్నెలు తోముతుంటే నా మీద నాకే విసుగొచ్చింది.

నేను తొమ్మిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఇళ్ల అప్పులిప్పించే ఈ లైసెన్సుకి డిగ్రీ అక్కర్లేదని విన్నాను. ఇరవై గంటల పాఠాలు వినాలి, పరీక్షలో నూటికి డెబ్బై అయిదు రావాలి. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతుంటే, మనవలు కాళ్ల మధ్య దొర్లుతుంటే చదివాను. మొదటిసారి తప్పాను. "బుర్రకి కూడా మోకాళ్ల నొప్పులొచ్చాయా?" అన్నాడు రాయిస్. నేను కూడా నవ్వాను, నవ్వకపోతే ఇంకో మాట పడాల్సి వస్తుందని. రెండోసారి గట్టెక్కాను. వేలిముద్రలిచ్చాను. నా అప్పుల చరిత్ర తిరగేశారు. ఇంతకు ముందు వాడిన పేర్లన్నీ రాయమన్నారు. పుట్టింటి నాదీన్ స్కాగ్స్, గనిలో పోయిన మొదటి మొగుడి నాదీన్ కూంబ్స్, ఇప్పటి నాదీన్ టాకెట్. రాయిస్ తన లైసెన్సుకి ఆ గడి ఖాళీగా వదిలేశాడు. మగాడికి ఒక పేరు బతుకంతా సరిపోతుంది మరి.

ఇంక మిగిలింది ఒకటే. ఏదైనా కంపెనీ ఈమె మా మనిషి అని ఒప్పుకోవాలి. అప్పటిదాకా ఆ లైసెన్సు నిద్రపోతూనే ఉంటుంది. రాయిస్ కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కితే చాలు. రేపు అన్నాడు. మర్నాడూ రేపే అన్నాడు. చలికాలం పోయి చెట్లు చిగిర్చాయి. చివరికి అడిగేశాను.

"ఒక పొయ్యికి రెండు పొగగొట్టాలెందుకే? నువ్వూ అప్పులిచ్చేదానివైతే ఫోనెవరు ఎత్తుతారు?" అన్నాడు.

కోపం రాలేదు. అంత ఓపిక కూడా లేదు. మర్నాడు పక్క ఊళ్లో అదే వ్యాపారం చేసే ట్విలా దగ్గరికి వెళ్లాను. అక్కడికక్కడే నన్ను ఒప్పుకుంది. లైసెన్సుతో వచ్చిన నంబరు చూపించి, "కంపెనీ మారినా, మొగుడు మారినా, పేరు మారినా ఇదే ఉంటుంది అక్కా. ఇంకెవరికీ ఇవ్వరు" అంది. దారంతా ఆ అంకెలే మనసులో మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

భోజనాల దగ్గర విషయం చెప్పాను. రాయిస్ చెంచా కింద పెట్టాడు.

"నా పేరు పెట్టుకుని నా పోటీవాళ్ల దగ్గర పని చేస్తావా?"

"పేరు నీదే. కావాలంటే వెనక్కి తీసుకో రాయిస్. నంబరు మాత్రం నాది."