గుట్టకు వచ్చిన మార్కులు

ఇరవై ఆరేళ్లు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పిన నాకు మాట్లాడటం చేతకాదని తొంభై ఆరులో, ఏ.ఎస్. రావు నగర్ అవతల ఒక గుట్ట మీద తెలిసింది.

ఆ గుట్టను ఇళ్ల ప్లాట్లకు ఇవ్వాలా, అడవిగానే ఉంచాలా అన్నది మార్కులు వేసి తేల్చమని అటవీశాఖవాళ్లు నాకు అప్పగించారు. వందకి యాభై వస్తే అడవి. పొదలకు, మొలకలకు, రాలిన ఆకుకు, పడి పుచ్చిన కొమ్మకు విడివిడిగా మార్కులుంటాయి. ముందు ఒక్కదాన్నే వెళ్లి చూసుకున్నాను. బలుసు, పరికి, కలివి పొదలు అల్లుకుపోయి కాలు పెట్టే సందు లేదు. లెక్క వేస్తే అరవై మూడు. ఆ సంతోషంలో నా నోరు ఊరుకుంటుందా? గుట్ట కింద గుడిసెలో ఉండే ఎల్లమ్మతో, "శనివారం పెద్దసారుతో వచ్చి మార్కులు వేస్తాను. గుట్ట బాగుంటే ఎవరికీ ఇవ్వరు" అనేశాను. ఆమె అక్కడి పరికిపళ్లు, కలివికాయలు సీతాఫల్‌మండిలో అమ్ముకునే బతుకుతోంది.

శనివారం అటవీశాఖ పెద్దసారు రామ్మోహనరావుగారు, నేను జీపు దిగేసరికి గుట్ట మొదట్లో కల్లాపి చల్లి ముగ్గు వేసి ఉంది. తలెత్తి పైకి చూశాను. రాలిన ఆకంతా ఊడ్చి కాల్చేశారు. పుచ్చుకొమ్మలు ఏరేశారు. కాయలిచ్చే పొదలు తప్ప మిగతా కంపంతా మొదలంటా కొట్టేశారు.

"మూడు దినాలు పట్టింది మేడమ్, నాకు, నా కోడలికి" అంది ఎల్లమ్మ. "పెద్దోళ్లు వస్తుంటే గలీజుగ ఉంచుతమా?"

"పోయిన వారం ఇలా లేదండీ" అన్నాను రామ్మోహనరావుగారితో.

"ఇవాళ ఉన్నదే రాయాలి కదమ్మా. కింద నా సంతకం కూడా ఉంటుంది."

ఆయన మీద మండిపడదామనుకున్నాను. ఆయన తప్పేముంది? నోరు జారింది నేను. తాడుతో నేల మీద చదరాలు కట్టి, ఒక్కొక్క మొక్కా లెక్కపెట్టాను.

"ఎన్ని మార్కులొచ్చినయ్ మేడమ్?"

"నలభై ఒకటి."

"ముప్పై అయిదుకే పాస్ గద!" ఎల్లమ్మ ముఖమంతా నవ్వు.

"దీనికి యాభై కావాలి ఎల్లమ్మా."

నవ్వు పోయింది. ముళ్లకు గీసుకుపోయిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ పైకి చూసింది.

"సారును ఇంగొక్కపారి రమ్మనుండ్రి మేడమ్. ఆ బండల సందుల జెర మిగిలింది. అది సుత నరికేస్తం."