లేవకు మామ్మా

నేను ఒక చక్రాల కుర్చీని. కాగితాల్లో అలా రాస్తారు గానీ నన్ను ఆ పేరుతో పిలిచినవాళ్ళు ఒక్కరూ లేరు. విశాఖ విమానాశ్రయంలో పనిచేసినంతకాలం నేను వీల్‌ఛైర్‌నే, తొందరలో ఉన్నవాళ్ళకి ఉత్త బండిని. పుట్టింది ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో. ఇనప గొట్టాలు వంచి, అతికి, నీలం రెగ్జిన్ తొడిగి, కింద నాలుగు చిన్న చక్రాలు బిగించారు. నాతోపాటు పుట్టినవాటిలో కొన్నింటికి సైకిలు చక్రాలంతటివి పెట్టారు. కూర్చున్నవాళ్ళు వాటిని చేత్తో తిప్పుకుంటూ ఎటైనా పోవచ్చు. నాకా యోగం లేదు. ఎవరో ఒకరు వెనకనుంచి తోస్తేనే నేను కదిలేది. ఓ విమానాల కంపెనీకి మా రకమే చవగ్గా వచ్చిందని మమ్మల్ని గుత్తగా కొనేశారు.

మనుషుల సంగతి నాకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. నా ఒళ్ళో కూర్చునేవాళ్ళలో సగం మందికి కాళ్ళు నిక్షేపంగా పనిచేస్తాయి! మన తెలుగువాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళని ఒంటరిగా విమానం ఎక్కించాలంటే టిక్కెట్టుతోపాటే వీల్‌ఛైర్ రాయించేస్తారు. కాళ్ళ కోసం కాదు, దారి కోసం. ఏ గేటుకి పోవాలో, ఎవర్ని ఏ భాషలో అడగాలో తెలియని పెద్దావిడకి నేనూ, నన్ను తోసే మనిషీ దొరికితే విమానం తలుపుదాకా బెంగ ఉండదు. తనిఖీ దగ్గర పోలీసావిడ లేవమనగానే చెంగున లేచి నిలబడేవాళ్ళని చూసి మొదట్లో తెగ నవ్వుకునేదాన్ని. పోనుపోను నవ్వు రావడం మానేసింది. భయపడ్డ మనిషి నా ఒళ్ళో కూర్చోగానే ఊపిరి వదులుతుంది చూడండి, ఆ ఊపిరి నాకు అలవాటైపోయింది.

సన్యాసమ్మ కూడా అలా కూర్చున్నదే. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, కంచరపాలెం. ఒక చలికాలం మధ్యాహ్నం, ఒళ్ళో సంచీ, సంచీలో అక్కకి పెట్టడానికి ఒక మెత్తటి నేత చీర. నన్ను తోసింది గురువులు అనే కుర్రాడు. కంపెనీలో కాంట్రాక్టు మనిషి, నోరు మంచిది, బుర్ర ఎప్పుడూ పది పనుల మీద ఉంటుంది. అడక్కుండానే సన్యాసమ్మ తన కథంతా వాడికి చెప్పేసింది.

"మా అప్ప ఖరగ్‌పూర్‌లో ఉంటాది బాబూ, ఎర్నమ్మని. రైల్వే ఆయనకిచ్చి సేసినారు. గొంతులో పుండు లేసింది. రేపు పొద్దున్న కలకత్తాలో ఆపరేసను. గొంతులో మాటొచ్చే పెట్టె తీసేత్తారట. ఇంక మాట రాదట."

"ఫోన్లో మాటాడీలేకపోయావా మామ్మా?"

"మాటాడినాను. ఏటీ ఇనబడదు, ఉత్త గాలే. నోటికాడ సెవెడితే మాట తెలుస్తందమ్మా, ఫోన్లో రాదు అంటాడు ఆల కొడుకు. ఆపరేసను ముందుకి జరిపీసినారు, రైలైతే అందదు. అందుకని ఇదెక్కుతన్నాను."

"అంత ఇనాల్సిన మాటేటి మామ్మా?"

సన్యాసమ్మ సిగ్గుపడింది. ఒట్టు, ఆ వయసులో సిగ్గుపడింది. "నన్ను గుంటా అంటాది బాబూ. ‘ఏటే గుంటా’ అంటాది. అదొక్కపాలి ఇనాల."

మా వైపు గుంట అంటే చిన్నపిల్ల. సన్యాసమ్మకి అమ్మా అయ్యా ఎప్పుడో పోయారు, పెనిమిటీ పోయాడు. మిగిలినవాళ్ళకి ఆవిడ అమ్మ, అత్త, మామ్మ. మనవల్ని ఎత్తిన మనిషిని పట్టుకుని గుంటా అనే నోరు లోకంలో ఒక్కటే మిగిలింది. ఆ నోరు కూడా రేపు పొద్దుటిదాకానే. విమానం సమయానికి ఎగిరితే సాయంత్రానికి అక్క మంచం పక్కన ఉండొచ్చు.

ఎగిరితే కదా! ముందు కాసేపు ఆలస్యం అన్నారు. ఆ కాసేపయ్యాక ఇంకాసేపన్నారు. పొగమంచు అన్నారు, మా అద్దాల బయట చూస్తే ఎండ ఫెళ్ళున కాస్తోంది. మంచు అక్కడెక్కడో ఉందట. సన్యాసమ్మ సంచీ మూతి మాటిమాటికీ ముడి వేసి విప్పింది. ఈలోగా ఇంకో విమానం దిగిందనీ, నలుగురైదుగురు వీల్‌ఛైర్ వాళ్ళున్నారనీ గురువుల్ని పిలిచారు. వాడు నన్ను ఒక స్తంభం పక్కన ఆపి, బ్రేకు వేసి, "ఇక్కణ్ణుంచి లేవకు మామ్మా. నేనొచ్చి తీసుకెల్తాను" అని పరిగెత్తాడు.

ఆవిడ లేవలేదు. దాహంవేసి ఒక్కసారి లేచి, కుళాయి దగ్గర నాలుగు గుక్కలు తాగి, ఎవరైనా చూశారేమోనన్నట్టు గబగబా వచ్చి మళ్ళీ కూర్చుంది. అంతే. మా గేటు మారింది. జనం సామాన్లు తీసుకుని అటువైపు కదిలారు. ఆవిడ వాళ్ళ వంక చూసి, వీళ్ళది వేరే ఊరనుకుని ఊరుకుంది. మైకులో ఏవేవో పేర్లు చదివారు. ఆవిడ మైకు కోసం చూడటం లేదు, గురువులు కోసం చూస్తోంది. పొద్దు వాలుతుండగా అద్దాల్లోంచి ఒక విమానం లేచింది. తోక మీద రంగు చూసి అది మా కంపెనీదేనని నాకు తెలిసిపోయింది. గట్టిగా కిర్రుమనాలనిపించింది, బ్రేకు వేసి ఉంది. సన్యాసమ్మ నుదుటి మీద చెయ్యడ్డం పెట్టుకుని దాన్ని చూసి, "ఎవులో పాపం, బేగి ఎల్లిపోనారు" అంది.

గురువులు రొప్పుతూ వచ్చి ఆవిణ్ణి అక్కడే చూసి నెత్తి కొట్టుకున్నాడు. సంగతి చెప్పాడు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. చటుక్కున లేచి నిలబడి, "నాను నడగ్గల్ను బాబూ. ఇప్పుడు బేగి నడిసెల్తే అందుతాదా?" అని అడిగింది. ఛీ, ఎందుకు గుర్తుచేసుకుంటానో ఆ మాట!

మర్నాటి విమానంలో కంపెనీవాళ్ళే పంపించారు. అప్పటికి ఆపరేషన్ అయిపోయింది. అక్క బతికి బయటపడింది. మాట మటుకు బల్ల మీదే ఉండిపోయింది.

ఊరికి తిరిగొచ్చాక సన్యాసమ్మ ఫోనుకి కంపెనీ క్షమాపణ వచ్చిందట, తర్వాతి ప్రయాణంలో కొంత తగ్గింపు ఇస్తామని కూపనుతో సహా. ఆవిడ మేడ మీద అద్దెకుంటున్న లాయరమ్మకి అది చూసి ఒళ్ళు మండింది. వినియోగదారుల కమిషన్‌లో నష్టపరిహారం కోసం కేసు వేయించింది. కంపెనీ ఊరుకుంటుందా? పొగమంచుకి మా పూచీ లేదంది. ప్రయాణికురాలు విమానం అందుకోకపోవడం ఆవిడ తప్పేనంది. ఆవిడ నడవగల మనిషి, కుళాయిదాకా నడిచి వెళ్ళినట్టు కెమెరాలో ఉంది, పోనీ నడవకపోయినా కుర్చీని తనే తిప్పుకుంటూ కొత్త గేటుకి రావచ్చు కదా అని రాసింది. ఆ చివరి ముక్క చదివి, ఏదీ ఆ కుర్చీని తీసుకురండి చూద్దామంది కమిషన్. అలా నేను ఆటో ఎక్కాను. విమానం తలుపుదాకా రోజూ వెళ్ళి వెనక్కి రావడమే నా బతుకు. నాకూ ఒక ప్రయాణం రాసి ఉందని, అది కోర్టుకేనని ఎవరనుకున్నారు?

కమిషన్ అధ్యక్షురాలు కాస్త బొద్దుగా, కళ్ళద్దాలతో ఉన్న పెద్దమనిషి. నన్ను చూడగానే తన కుర్చీ దిగి వచ్చి నాలో కూర్చుంది. చేతులు చాచి చక్రాల కోసం తడుముకుంది. అందలేదు. చుట్టూ చూసి, కంపెనీ వకీలుతో, "మీరొకసారి ప్రయత్నిస్తారా?" అంది. వకీలుగారు కూర్చుని, కాళ్ళతో తన్నుకుని, జానెడు వెనక్కి జరిగి బల్లకి గుద్దుకున్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వుకున్నాను లెండి.

ఆయన చొక్కా సర్దుకుని, సరే, నడవగలరు కదా మరి అని సన్యాసమ్మ మీదికి తిరిగాడు.

"నడగ్గల్ను బాబూ. లేవొద్దన్నారని కూకున్నాను. నానెటో ఎల్లిపోతే ఆడొచ్చి నన్నెతుక్కోడా?"

గేటు మారిన సంగతి ముందే చెప్పానని అనమని గురువులికి కంపెనీలో నూరిపోసి పంపారు. వాడు బోనెక్కి సన్యాసమ్మ మొహం చూసి, "లేవకు మామ్మా అన్నది నేనే సార్. గేటు సంగతి నాకే తెల్దు" అనేశాడు. ఉద్యోగం ఊడుతుందని హడలిపోయాడు గానీ ఊడలేదు, మనుషులు చాలడం లేదు కదా.

వకీలు వదల్లేదు. "మీ అక్కగారు క్షేమంగా ఉన్నారు. మర్నాడు మీరు చూశారు. ఇక మీకు జరిగిన నష్టం ఏమిటమ్మా?"

"మా అప్ప సల్లగుంది బాబూ, దేవుడి దయ. నన్ను పిలిసీ మనిసుంది, పిలుపు లేదు. ఇంక నానెవులికీ గుంటని కాను."

వకీలు కాగితాలు సర్దుకున్నాడు. తీర్పు సన్యాసమ్మ వైపే వచ్చింది. పోయిన పిలుపుకి ఏ చట్టంలోనూ రేటు లేదట, మానసిక వేదన అన్న పద్దు కింద కొంత వేశారు. మనుషులు దేన్నైనా ఏదో ఒక పద్దు కింద వేసెయ్యగలరు!

ఇప్పుడు నేను సరుకుల షెడ్డు వెనక టార్పాలిన్ కింద ఉన్నాను. ముందు చక్రం ఒకటి విరిగింది, రెగ్జిన్ చీలింది. పాత ఇనుము కొనేవాడు ఎప్పుడొస్తే అప్పుడు తూకానికి పోతాను. దాని గురించి నాకు పెద్ద దిగులు లేదు. దిగులల్లా మనుషుల బరువు మీదే. ఖాళీగా ఉండటం ఇంత కష్టమని తెలిస్తే, ఒళ్ళో కూర్చున్న ఒక్కొక్కళ్ళనీ ఇంకాస్త గట్టిగా పట్టుకునేదాన్ని. అందరిలోకీ ఎక్కువగా తలుచుకునేది ఎర్నమ్మని.

నేనింకా పనిలో ఉండగానే ఆవిడ మా ఊరొచ్చింది, ఆ పరిహారం డబ్బుతో కొన్న టిక్కెట్టు మీద. గొంతుకి రంధ్రం పెట్టారు, దుమ్ముకీ పొగకీ రైలు పనికిరాదన్నారట. విమానం తలుపు దగ్గర ఆవిణ్ణి గురువులు నాలో కూర్చోబెట్టాడు. పిట్టంత బరువు, మెడ చుట్టూ తెల్లటి గుడ్డ. ఈవిడ నిజంగానే నడవలేదు. కొడుకు సామాన్ల దగ్గర ఆగిపోయాడు. బయటి కటకటాల దగ్గర జనంలో సన్యాసమ్మ కనిపించింది. మాకు వీపు పెట్టి, టాక్సీవాడితో ఏదో గొడవపడుతోంది.

ఎర్నమ్మ చూసింది. అలవాటు ఎక్కడికి పోతుంది? నిటారుగా అయి, నిండా ఊపిరి తీసుకుని, నోరు తెరిచి పిలిచింది. మెడ దగ్గర గుడ్డ కదిలింది. ఆవిడ వీపు నా మీదే ఆని ఉంది కనక ఆ పిలుపు నాకు తెలిసింది. బయట ఎవరికీ తెలియలేదు. గురువులు అందుకుని కేకెయ్యబోతే ఆవిడ వాడి చెయ్యి పట్టి ఆపింది. చెల్లెలి వీపు చూస్తూ అలాగే కూర్చుంది, తనంతట తను తిరిగేదాకా.

సన్యాసమ్మ తిరిగింది. టాక్సీవాణ్ణి వదిలేసి పరిగెత్తుకొచ్చి, ఒంగి, అక్క నోటి దగ్గర చెవి పెట్టింది. నోట్లోంచి గాలి కూడా రాలేదు, వచ్చేది మెడలోంచి. కాసేపు అలాగే ఉండి లేచి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "నానే తీసుకెల్తాను" అని గురువుల్ని పక్కకి తప్పించింది. నా వెనక్కి వెళ్ళి పిడి పట్టుకుని రెండడుగులు తోసి ఆగిపోయింది. వెనకుంటే అక్క పెదవులు కనపడవు.

అప్పుడావిడ ముందుకొచ్చి, నా చేతులు రెండూ పట్టుకుని, అక్కకి ఎదురుగా నిలబడి, తను వెనక్కి నడుస్తూ నన్ను లాగడం మొదలుపెట్టింది.

"ఎనక్కి పడిపోతావు మామ్మా!" అన్నాడు గురువులు.

"నువ్వు సూస్కో నా ఎనకాల."

వాడు జనాన్ని తప్పుకోమంటూ ఆవిడ వెనక నడిచాడు. ఎర్నమ్మ పెదవులు కదుపుతూనే ఉంది. సన్యాసమ్మ వాటి మీదనుంచి చూపు తిప్పలేదు. తెలిసినా తెలియకపోయినా ప్రతి మాటకీ "ఆఁ అప్పా, ఆఁ" అంటూ, టాక్సీదాకా అలా వెనక్కే నడిచింది.