వెలాంకూర్ పేరు ఎత్తుకెళ్ళిందెవరు?

మే ఒకటో తారీఖు ఉదయం వెలాంకూర్ చర్చి ముందు సామాను గుట్టగా పడి ఉంది. తోపుడుబండ్లు, పూలకుండీలు, ఎవరిదో తోట గేటు. ఏటా జరిగే తంతే. ముందు రాత్రి ఆరుబయట వదిలేసినవన్నీ కుర్రకారు ఎత్తుకొచ్చి ఇక్కడ పోస్తారు. ఎవరి వస్తువును వాళ్ళు, అందరి వెక్కిరింతలూ పడుతూ మోసుకుపోవాలి. అందుకే తెలివైనవాళ్ళు చీకటి పడకముందే తమ సొత్తును లోపల పెట్టుకుంటారు.

ఊరి మొదట్లో ఉండాల్సిన పేరు బోర్డు కూడా ఆ ఉదయం మాయమైంది. మేయర్ గిస్లెన్ గుట్టంతా వెతికింది. లేదు.

"కుర్రాళ్ళ పని కాదమ్మా," అంది ముసలి క్లోతిల్ద్, గుట్టలోంచి తన కుర్చీ లాక్కుంటూ. "వాళ్ళయితే స్తంభాలతో సహా పీకేవాళ్ళు. బోల్టులు విప్పే ఓపిక ఆ వెధవలకెక్కడిది?"

నిజమే. గిస్లెన్ పొద్దున్నే చూసింది. స్తంభాల మీద గీత కూడా పడలేదు. నిదానంగా, పెద్దవాళ్ళెవరో చేసిన పని.

పక్క ఊళ్ళో కలిసిపోవాలా వద్దా అని రేపు సాయంత్రం పంచాయతీలో ఓటింగు. పక్కనున్న సోర్నెవాల్‌లో కలిస్తే వెలాంకూర్ పేరే ఉండదు. సభ్యుల్లో ముగ్గురు అటు, గిస్లెన్‌తో కలిపి ముగ్గురు ఇటు. ఏడోవాడు ఉపమేయర్ ఎవ్రార్. "కలిస్తే రోడ్లు బాగుపడతాయి" అంటూ చాన్నాళ్ళుగా సోర్నెవాల్ పాట పాడుతున్నాడు. ఇవాళ గుట్ట దగ్గరికి రానివాడూ అతనొక్కడే.

గిస్లెన్ నేరుగా అతని ఇంటికి నడిచింది. ఏనాడూ మూయని కొట్టానికి తాళం వేలాడుతోంది.

"బోర్డు పోయింది, తెలుసా?"

"దొరుకుతుందిలే." ఎవ్రార్ చేతులు జేబుల్లో కుక్కుకున్నాడు. వేళ్ళకున్న తుప్పు మరక ఆమె అప్పటికే చూసేసింది.

"కొట్టానికి తాళమేంటి?"

"దొంగల భయం."

"కోడిపెట్ట కూడా లేని కొట్టానికా? సోర్నెవాల్ వాళ్ళకు అప్పుడే కానుక పంపించావా ఎవ్రార్?"

అతని ముఖం కందిపోయింది. తాళం తీశాడు.

గడ్డి వెనక, అతని పెళ్ళినాటి బొంతలో చుట్టి ఉంది బోర్డు.

"నిరుడు సోర్నెవాల్ బోర్డును కుర్రాళ్ళు చెరువులో పడేసి వంకర చేశారుగా," అన్నాడు నేల చూస్తూ. "మనదానికీ ఆ గతి పట్టకూడదని రాత్రే విప్పుకొచ్చా. తెల్లారగానే బిగిద్దామనుకున్నా. నువ్వేమో ముందే వచ్చి అక్కడ నిలబడ్డావు. ఎవరి సొత్తు వాళ్ళు లోపల పెట్టుకోవాలి కదా..."

టక్కున ఆగిపోయాడు.

"ఎవరి సొత్తు?" అంది గిస్లెన్.

ఎవ్రార్ బొంత మడతపెట్టసాగాడు.

"సరే, మొయ్యి. చర్చి ముందు నుంచే."

"దొడ్డిదారుందిగా!"

"సొత్తు నీదయితే దారి అదే."

బోర్డు నెత్తిన పెట్టుకుని ఎవ్రార్ రాగానే క్లోతిల్ద్ చేతులు చరిచింది. "చూడండ్రా! ఊరు అమ్ముతానన్నవాడు ఊరిని నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నాడు!"

జనం పగలబడి నవ్వారు. గిస్లెన్ నవ్వలేదు. బోర్డు దాచినంత మాత్రాన ఓటు మారుతుందన్న నమ్మకమేమిటి?

మర్నాడు సాయంత్రం ఆమే అడిగింది. "కలవాలనేవాళ్ళు?"

మూడు చేతులు లేచాయి. ఎవ్రార్ చెయ్యి జేబులోనే ఉంది.

"వద్దనేవాళ్ళు?"

ఆ చెయ్యి అన్నిటికంటే ఆలస్యంగా లేచింది. పిడికిట్లో ఏదో ఉంది. గిస్లెన్ అనుమానంగా చూసింది.

"బోల్టు," అన్నాడు ఎవ్రార్ చెయ్యి దించకుండానే. "నిన్న ఆ నవ్వుల్లో ఒకటి బిగించడం మర్చిపోయా."