గేటు సందులో బండి

మాలకొండమ్మను చంపింది ఫోటో. జబ్బు కాదు. ఓబులేసు దృష్టిలో అది తేలిపోయిన సంగతి.

ఆ రోజు అతను ఎర్రకోటు గుండీలు పెట్టుకుని, తలపాగా చుట్టుకుని, వాకాడు అవతల సముద్రపు ఒడ్డున జమీందారు బంగళా గేటు ముందు బల్లెంతో నిలబడ్డాడు. జమీ పోయి పదేళ్లవుతోంది. కాపలా కాయడానికి లోపల ఏమీ మిగల్లేదు. అయినా అతిథులొస్తే గేటు దగ్గర బల్లెం ఉండాలి. అది చేతిలో ఉన్నంతసేపు నోరు విప్పకూడదు. లోపలినుంచి తాంబూలం వచ్చేదాకా దించకూడదు. దించితే ఆ ఇంటికి అరిష్టం. వాళ్ల నాయన నేర్పిన పని అది.

తెల్లవారినప్పటినుంచి భార్య మాలకొండమ్మకు ఊపిరాడడం లేదు. సముద్రపు పోటుకు నీళ్లు పెరగకముందే ఉప్పుటేరు దాటించి ఆస్పత్రికి తీసుకుపోవాలి. బల్లెం పట్టకముందే గుమాస్తా పద్మనాభయ్యకు ఆ మాట చెప్పాడు.

"ఒక్క ఫోటోనే గదా ఓబులేసూ. తీయించుకుని పో."

అతిథి బొంబాయినుంచి ఊళ్లు చూస్తూ వచ్చినవాడు. మొదట నిలబెట్టిన చోటు అతనికి నచ్చలేదు. వెనక గోడ మరీ ఎక్కువగా పడుతోందట. ఓబులేసును పక్కకు జరిపాడు. గేటు సందులోంచి సముద్రం కనబడాలన్నాడు. ఆరేసిన పంచెలు తీయించాడు. మనిషి పొడుగ్గా పడాలని మోకాళ్ల మీద కూర్చుని కిందనుంచి చూశాడు. చివరికి, నడినెత్తిన ఎండకు మొహం నల్లగా పడుతోంది, పొద్దు వాలాలి అన్నాడు.

పొద్దు వాలేసరికి పోటు వస్తుంది.

బండి తోలే హజరత్తయ్య ఇక ఆగలేక, మాలకొండమ్మను గడ్డి మీద పడుకోబెట్టి బండిని గేటు దగ్గరికే తోలుకొచ్చాడు.

"అన్నా, నువ్వు లేంది వదిన ఏరు దాటనంటా ఉండాది. నీళ్లు లేస్తా ఉండాయి. రా."

ఓబులేసు వేళ్లు బల్లెం చుట్టూ బిగుసుకున్నాయి. నోరు తెరుచుకోలేదు. పద్మనాభయ్య వైపు చూశాడు.

"ఇంకొంచెం సేపే. మొహం అట్ట పెట్టబాక."

"ఆయన మొహానికేమయ్యా," అన్నాడు హజరత్తయ్య. "పెండ్లికొడుకు మాదిరి ఉండాడు. ఊపిరాడంది మా వదినకి."

అతిథి బండిని చూసి చెయ్యెత్తాడు. పద్మనాభయ్య తెలుగులో చెప్పాడు. "బండి ఆడే ఉండనీమంటున్నాడు. సందు నిండిందంట."

మాలకొండమ్మ బండి పక్కకర్ర మీద చెయ్యి వేసి ఇటు చూసింది. పిలవలేదు. బల్లెం సంగతి ఆమెకూ తెలుసు.

పొద్దు వాలింది. కెమెరా టక్కుమంది. తాంబూలం రావడానికి ఇంకాస్త సేపు పట్టింది.

ఏట్లో నీళ్లు ఎద్దుల రొమ్ముదాకా వచ్చాయి. బండిని గట్టునే ఆపారు.

"కాళ్లు చల్లబడతా ఉండాయి," అందామె. ఓబులేసు ఎర్రకోటు విప్పి కప్పాడు.

నీళ్లు తగ్గాక బండిని వెనక్కి తిప్పారు.

మర్నాడు అతను బల్లేన్ని గేటుకు ఆనించి వచ్చేశాడు. మళ్లీ పట్టలేదు.

కొన్ని నెలలకు పద్మనాభయ్య అద్దం కట్టించిన పటం తెచ్చాడు. మొహం మీద ఏటవాలు ఎండ. వెనక సముద్రం. గేటు సందులో బండి, పక్కకర్ర మీద గాజుల చెయ్యి. మాలకొండమ్మ మరే ఫోటోలోనూ లేదు.

"బాగా వచ్చింది ఓబులేసూ. అందరూ మెచ్చుకుంటున్నారు."

ఓబులేసు పటం అందుకుని, దాని మొహం గోడవైపు తిప్పి మేకుకు తగిలించాడు.

"దీని ఊసు నా దగ్గర ఇంకెత్తబాకండి. నేనూ ఎత్తను."

బతికినన్నాళ్లూ ఎత్తలేదు. పటం వెనక అట్ట మీద ఉప్పుగాలికి తెల్లటి మరకలు పాకాయి.