వేరే గాజు కలపకుండా

వడమాలపేటలో ఎరువుల అంగడి ధనంజయ గుండెపోటుతో పోయినప్పుడు అతని భార్య సుబ్బులమ్మకు నలభై దాటి కొన్నేళ్లయింది. పదోనాడు పొలంలో బోరు దగ్గర, ఆడబిడ్డ జ్ఞానాంబ ఆమెను కూర్చోబెట్టి గాజులు పగలగొట్టడానికి రాయి తీసుకుంది. సుబ్బులమ్మ కొడుకు మునిశేఖర్ అడ్డం వచ్చాడు.

"ఈ కాలంలో ఇయ్యన్నీ ఎందుకత్తా? ఎవురు సేస్తా ఉండారు?"

"నువ్వు పక్కకు పోరా. నలుగురూ సూస్తా ఉండారు," అంది జ్ఞానాంబ.

 సుబ్బులమ్మ చేతులు తనే చాపింది. అందరూ స్నానాలకు లేచాక ముక్కలన్నీ ఏరి కొంగులో కట్టుకుంది. ఇంటికొచ్చి ఒక పాత బిస్కెట్ డబ్బాలో పోసి బియ్యం డ్రమ్ము వెనక పెట్టింది. ఎందుకు పెట్టిందో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఆమెకు నగల మీద పెద్ద మోజు లేదు. గాజులంటే మాత్రం ప్రాణం. తిరుపతికి ఏ పని మీద పోయినా గాజుల అంగడి చూడకుండా బస్సెక్కేది కాదు. ధనంజయ బయట ఎండలో నిలబడి, "ఇంకా ఎన్ని సేతులుండాయి నీకు?" అని విసుక్కునేవాడు. అతను చెడ్డవాడు కాదు. ఆమె చేతులకేసి తేరిపార చూసినవాడూ కాదు.

కొన్ని నెలలకు, ఇంట్లో పాత పేపర్లు కొనడానికి వచ్చిన గిరి ఆ డబ్బా మూత తీసి చూశాడు. అది అమ్మేది కాదని సుబ్బులమ్మ అనేసరికి నవ్వాడు.

"నేనైనా ఏం సేసుకుంటానమ్మా? కార్వేటినగరంలో వహీదున్నీసా అని ఒకామె ఉండాది. పగిలిన గాజులూ సీసాలూ కరగబెట్టి పూసలు సేస్తాది. ఆమెకే ఇస్తా ఉంటా."

ఆ వారంలోనే సుబ్బులమ్మ పుత్తూరులో బస్సు మారి కార్వేటినగరం పోయింది.

వహీదున్నీసా ఇంటి వెనక రేకుల కప్పు కింద మట్టి కొలిమి ఉంది. ఆమె భర్త ఇమాంసాహెబ్ తిత్తి ఊదుతున్నాడు. ఆమె డబ్బా మూత తీసి ముక్కల్ని వేలితో కదిపింది. తలెత్తి సుబ్బులమ్మ బోసి చేతులు చూసింది. ఎవరివని అడగలేదు.

"శానా తక్కువుండాయమ్మా. మా సీసాల గాజు కలిపితే మంచి పచ్చ పూసలొస్తాయి. మెడ నిండా అవుతాయి."

"వేరే గాజు కలపొద్దక్కా. ఇయ్యే కావాల."

"ఎరుపూ పచ్చా నీలమూ అన్నీ ఉండాయి ఇందులో. కలిస్తే బురద రంగొస్తాది. నువ్వు తర్వాత నన్ను అనకూడదు."

"అనను."

మర్నాడు శుక్రవారం, కొలిమి వెలిగించరు. శనివారం రమ్మంది. ధనంజయ పోయాక తనే చూసుకుంటున్న అంగడిని ఆ రోజుకు కొడుక్కి అప్పగించి సుబ్బులమ్మ వచ్చింది. వహీదున్నీసా గాజుముక్కల్ని చిన్న మట్టిమూసలో వేసి కొలిమిలో పెట్టింది. కరిగాక, తడిమట్టి పూసి ఆరబెట్టిన ఇనుప కడ్డీ కొనతో అందుకుని, తేనె తీసినట్టు కాస్త తీసి, కడ్డీని తిప్పుతూ చుట్టింది. పూస గుండ్రమయ్యాక వేడి బూడిదలో పూడ్చింది. బూడిద చల్లారాక తీసి చూస్తే పూసలన్నీ నెర్రెలిచ్చి ఉన్నాయి. ఒకటి ఆమె అరచేతిలోనే రెండైంది.

సుబ్బులమ్మ ఆ ముక్కలకేసి వంగింది. "పాయెనా?"

"యాడికి పోతాయి? గాజు యాడికీ పోదు," అన్నాడు ఇమాంసాహెబ్ తిత్తి దగ్గర్నుంచి.

వహీదున్నీసా ఆలోచించింది. "ఒక్కో అంగడి గాజు ఒక్కో మాదిరి సల్లారతాది. దీనికీ దానికీ పొత్తు కుదర్లేదు. మెత్తగా పొడి సేసి, శానాసేపు కరగబెడితే కుదరొచ్చు. రోట్లో దంచాల. నా భుజం పట్టేసుండాది, నా వల్ల కాదు."

"నేను దంచుతా," అంది సుబ్బులమ్మ.

ముక్కు మీద గుడ్డ కట్టుకుని ఇనుప రోటి ముందు కూర్చుంది. మొదట మెల్లగా దంచింది. ముక్కల్లో సరిగా కలవని గాజుల రంగులు ఇంకా అక్కడక్కడా చారలుగా కనిపిస్తున్నాయి. ఫలానా ఎర్రది, ఫలానా నీలిది అని గుర్తుపట్టగలుగుతోంది. కాసేపటికి గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదు. బూడిద రంగు పొడి మాత్రం ఉంది. అప్పుడు గట్టిగా, లయగా దంచింది. చెమట కారుతుంటే ఆమెకు ఏడుపు వచ్చింది. పదోనాడు రాని ఏడుపు. వహీదున్నీసా చూసి కూడా చూడనట్టు కొలిమిలో కట్టెలు సర్దింది. ఇమాంసాహెబ్ టీ తెస్తానని బయటికి వెళ్లాడు.

ఈసారి పూసలు నిలిచాయి. బురద రంగేమీ కాదు. వానకు తడిసిన చింతగింజ రంగు. వెలుతురుకు పెడితే లోపల కాస్త పచ్చదనం ఉంది. ఏ రెండూ ఒక్క మాదిరిగా లేవు. మెడకు చాలవు. వహీదున్నీసా వాటిని నల్లదారానికి గుచ్చి, పూసకో ముడి వేసి, పూసకీ పూసకీ మధ్య ఎడం వదిలి, ఎట్లాగో మెడ చుట్టూ తెచ్చింది.

"బాగలేదు గదా?" అంది.

"బాగుండాదక్కా," అంది సుబ్బులమ్మ. అద్దం అడగలేదు.

సంవత్సరికానికి జ్ఞానాంబ వచ్చింది. వంటింట్లో విస్తరాకులు తుడుస్తూ సుబ్బులమ్మ మెడ చూసింది.

"ఏందది?"

"పూసలు వదినా."

"అది కనిపిస్తా ఉండాది. మొగుడు పోయినాక నల్లదారానికి పూసలు ఎవురైనా ఏసుకుంటారా? సుట్టాలొస్తా ఉండారు. తీసి పెట్టు."

"తీయను. నా గాజులే అయ్యి. కరగబెట్టిచ్చినా."

జ్ఞానాంబ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆమె మొగుడు పోయినప్పుడు ఆమెకు పాతికేళ్లు కూడా లేవు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. గడపలో నిలబడ్డ మునిశేఖర్ ఇప్పుడు అరుపులు తప్పవనుకున్నాడు.

"ముక్కలు నువ్వే ఎత్తిపెట్టుకున్నావా?" అంది జ్ఞానాంబ.

"ఊఁ."

"నాయి యాడ పారేసినారో గూడా నాకు తెలీదు."

అని మళ్లీ విస్తరాకు తుడవసాగింది. పూసల మాట అంతటితో వదిలేసింది. చుట్టాల్లో ఒకామె, "అదేంది జ్ఞానాంబా, మీ మరదలి మెడలో?" అని చెవి కొరికితే, "కూర ఏసుకో, సల్లారిపోతా ఉండాది," అంది.

మధ్యాహ్నం బస్సుకు జ్ఞానాంబ బయలుదేరింది. సుబ్బులమ్మ రోడ్డు దాకా వెంట వచ్చి సంచీ అందించింది. ఇద్దరూ పొలాల్లో నీళ్ల గురించి కాసేపు మాట్లాడుకున్నారు. బస్సు కదిలాక సుబ్బులమ్మ అంగడికి పోయి తాళం తీసింది. యూరియా కోసం అప్పటికే ఇద్దరు అరుగు మీద కూర్చుని ఉన్నారు.