నిద్రపుచ్చే మాట

ఆ ఆదివారం మేం ఏలూరు ట్రైనింగ్‌కి వెళ్ళకుండా ఉంటే, జెల్ల అనే ఆ కుక్క తన మనిషి ఒళ్ళో తల పెట్టుకుని పోయేది. మా డాక్టరుగారు నొచ్చుకుంటారని ఈ మాట ఆయన ఎదురుగా అనను గానీ, నా కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

డాక్టరుగారి పేరు గోపీనాథ్. తాడేపల్లిగూడెంలో కుక్కలకీ పిల్లులకీ చిన్న ఆసుపత్రి ఆయనది. నేను షరీఫా, అక్కడ నర్సుని. ఆయన హస్తవాసి మంచిదని చుట్టుపక్కల పేరుంది. నోరే ఆయనకి శత్రువు. బతకదని తేలిన జంతువుని చూసి, "లాభం లేదండీ, ఇంజక్షనిచ్చి చంపెయ్యడమే మంచిది" అనేసేవారు, కాఫీలో పంచదార తక్కువైందన్నంత తేలిగ్గా. సుబ్బలక్ష్మిగారని ఒకావిడ ఆ మాట విని, తన బొచ్చుకుక్కని చంకనేసుకుని, "మీ నోట్లో మన్నుపడ!" అని రోడ్డంతా వినపడేలా తిట్టి వెళ్ళిపోయింది. తిట్టేటప్పుడు కూడా మీరు అనే అంది, మా వైపు మర్యాద అలాంటిది. డాక్టరుగారు ఆ రోజు భోజనం చెయ్యలేదు. అందుకే జంతువుల డాక్టర్లకీ నర్సులకీ ఏలూరులో క్లాసు పెడుతున్నారనీ, యజమానులతో ఎలా మాట్లాడాలో కూడా అందులో నేర్పుతారనీ తెలియగానే మా ఇద్దరి పేర్లూ ఇచ్చేశారు.

హోటల్లో ఏసీ హాలు. పొద్దున మత్తుమందుల గురించీ, పళ్ళ జబ్బుల గురించీ బాగానే చెప్పారు. నేను శ్రద్ధగానే విన్నాను. భోజనాలయ్యాక పెద్ద ఊరి నుంచి వచ్చిన ఒకాయన తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వేసి మొదలెట్టాడు. చావు అనకూడదట. చంపడం అనే మాట అసలే తేకూడదట. ‘పుట్ టు స్లీప్’ అనాలట. మా డాక్టరుగారు దాన్ని బుద్ధిగా తెలుగు చేసుకున్నారు, నిద్రపుచ్చడం అని. తరవాత ఇద్దరిద్దరు చొప్పున కూర్చుని ప్రాక్టీసు. నేను కుక్క యజమానిని, ఆయన డాక్టరు.

"నిద్రపుచ్చేద్దామండీ. దానికింక నొప్పి తెలియదు," అన్నారు, గొంతు తగ్గించి, నా వైపు వంగి.

నేను ఏడవాలి. నవ్వొచ్చింది. "షరీఫా, సరిగ్గా చెయ్యమ్మా," అని విసుక్కున్నారు. తిరుగుదారిలో గుండుగొలను దాటేదాకా కారు నడుపుతూ ఆ వాక్యాన్నే గొణుక్కున్నారు. పాపం, అంత మనసు పెట్టి నేర్చుకున్నారు.

ఆ వారంలోనే పెద్దిరాజు జెల్లని తీసుకొచ్చాడు.

పెద్దిరాజు నిడమర్రు అవతల చేపల చెరువుల మీద కాపలా మనిషి. గట్టు మీద పాక, పాకలో తనూ జెల్లా. పిల్లప్పుడు ఎంత పట్టుకున్నా జెల్లచేపలా చేతుల్లోంచి జారిపోయేదని దానికా పేరు పెట్టాడు. చెరువు మీద నీటికాకులు వాలితే గట్టు పొడుగునా పరిగెత్తి తరిమేసే కుక్క. ఇప్పుడు దాని వెనక కాలి ఎముకలో క్యాన్సర్. ఊపిరితిత్తులకి కూడా పాకింది. మేమిచ్చే మందులు దాని నొప్పికి చాలడం లేదు.

"రాత్రంతా మూలుగుతానే ఉంటాదండీ," అన్నాడు పెద్దిరాజు. "దానికి నిద్దర్లేదు, నాకూ లేదు. ఆ నొప్పొకటి తగ్గించండి బాబూ, ఇంకేం అడగను."

డాక్టరుగారు ఎక్స్‌రే చూశారు. జెల్ల తల నిమిరారు. గొంతు తగ్గించి, ముందుకి వంగి, నేర్చుకున్న వాక్యాన్ని నేర్చుకున్నట్టే అన్నారు. "నిద్రపుచ్చేద్దామండీ. దానికింక నొప్పి తెలియదు."

పెద్దిరాజు మొహం విప్పారింది. "అంతకంటేనా బాబూ! అలాగే కానివ్వండి. అది కంటినిండా నిద్దరోయి ఎన్నాళ్ళయిందో."

డాక్టరుగారి కళ్ళు చెమర్చాయి. మనిషి ఎంత ధైర్యంగా ఒప్పుకున్నాడో అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. దగ్గరుంటారా అని అడిగితే, "నేనెందుకండీ అడ్డం, మీ పని మీరు చేసుకోండి," అన్నాడు. చూడలేక బయటికి వెళ్ళిపోయేవాళ్ళు చాలామందే ఉంటారు, మేం బలవంతపెట్టం. పెద్దిరాజు వంగి జెల్ల చెవిలో, "ఇప్పుడే వస్తానే," అని చెప్పి వెళ్ళాడు.

జెల్ల ముంగాలు నేనే పట్టుకున్నాను. అది నన్ను చూడలేదు, గుమ్మం వైపు చూసింది. ముందు ఇచ్చిన మత్తుకి తల వాలింది. మళ్ళీ ఎత్తి అటే చూసింది. మళ్ళీ వాలింది. తరవాత డాక్టరుగారు రెండో ఇంజక్షన్ ఇచ్చారు.

నేను బయటికొచ్చేసరికి పెద్దిరాజు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఇడ్లీ పొట్లం. రోజూ చేపలే తినే జెల్లకి మా గూడెం ఇడ్లీ అంటే ప్రాణమని ఇదివరకొకసారి చెప్పాడు.

"పడుకుందా అమ్మా?" అన్నాడు, లోపలికి వినపడుతుందేమోనని మెల్లగా. "పడుకోనివ్వండి, కంగారేం లేదు. చేపల వ్యాను సాయంత్రానికి గానీ రాదు. ఎప్పటికి లేస్తాదంటారు? చట్నీ లేకుండా కట్టించాను, దానికి కారం పడదు."

లోపలికెళ్ళి డాక్టరుగారికి చెప్పాను. చేతులు కడుక్కుంటున్న మనిషి కొళాయి కట్టకుండానే వచ్చేశారు. పెద్దిరాజు ముందు నేల మీద గొంతుక్కూర్చున్నారు. "పెద్దిరాజుగారూ, మరేనండీ... దానికి... నిద్రంటే..." అని ఆగిపోయారు. ఇన్నాళ్ళూ చంపెయ్యడం అనే మాట అంత సులువుగా అన్న మనిషికి ఆ వేళ నోరు పెగల్లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, ఆ నిద్ర అనే మాట మీద. మా అమ్మాయిని నేను రోజూ నిద్రపుచ్చుతాను. పొద్దున్నే లేస్తుంది. నిద్రంటే మాకు తెలిసింది అదే.

"చనిపోయిందండి," అన్నాను. "నిద్ర కాదండి. ఆ ఇంజక్షన్ అందుకే. ఇంక లేవదు."

పెద్దిరాజు నా మొహం, డాక్టరుగారి మొహం మార్చి మార్చి చూశాడు. "నిద్దరన్నారు కదండీ," అన్నాడు. కేకలేస్తాడనుకున్నాను. వేస్తే బాగుండేది. లేచి లోపలికెళ్ళి, జెల్లని బల్ల మీంచి దింపి, నేల మీద కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చంపేస్తామని ఒక్క మాట చెప్పుంటే నేను కదిలేవాణ్ణా బాబూ?" అన్నాడు. "వద్దనేవాణ్ణి కాదు. దాని బాధ నాకు తెలీదా? ఇలా ఒళ్ళో పెట్టుకునేవాణ్ణి, అంతే."

డాక్టరుగారు గోడ వైపు తిరిగి ఏడ్చారు.

కాసేపటికి పెద్దిరాజు తలెత్తి నన్నడిగాడు. "గుమ్మం వైపు చూసిందా అమ్మా?"

లేదు అనడానికి నోరు తెరిచాను. కానీ ఆ గదిలో ఇంకొక మెత్తటి మాట అనడం నా వల్ల కాలేదు.

"చూసిందండి," అన్నాను.

"చూస్తాది మరి," అన్నాడు, దాని చెవి సర్దుతూ. "ఇప్పుడే వస్తానని చెప్పానుగా."

సాయంత్రం వ్యాను వచ్చింది. జెల్లని తన తువ్వాల్లో చుట్టి ఎత్తుకున్నాడు. ఇడ్లీ పొట్లం కూడా అందులోనే పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర మా వైపు తిరిగి, అలవాటు కొద్దీ "వస్తా..." అనబోయి ఆగాడు.

"వెళ్తానమ్మా," అన్నాడు.