కరగని గడ్డ

నూనె వేడిచేసి తెమ్మని, కూతురు యామిని కాలు పట్టాలని అత్త ఆదిలక్ష్మి కేకేసింది. త్రివేణి గిన్నె పొయ్యి మీద పెట్టింది. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరి నడుము పట్టేసినా నూనె కాచేది తనే, రుద్దేది తనే. వాళ్ళది పటాన్‌చెరు మార్కెట్లో పప్పులు, మిరపకాయల దుకాణం. మగవాళ్ళు దుకాణం చూసుకుంటారు, మిగిలిందంతా త్రివేణి చూసుకుంటుంది. ఆ మిగిలినదాన్ని ఎవరూ పని అనరు.

గదిలోకి వెళ్ళి ఆడపడుచు కాలు చూసింది. ఎడమ పిక్క కుడిదానికి ఒకటిన్నర రెట్లు ఉంది. ఎర్రగా ఉంది, ముట్టుకుంటే కాలుతోంది.

"ముత్తంగి గోదాములో పొద్దంతా కంప్యూటర్ ముందల కూసుంటది, నరం పట్టింది. గట్టిగ రుద్దు" అంది ఆదిలక్ష్మి.

త్రివేణి చెయ్యి వేయలేదు. నాలుగేళ్ళ కింద తన కాలూ అచ్చం ఇట్లాగే ఉబ్బింది. పని ఎగ్గొట్టడానికి సాకు దొరికిందని అత్త అంది. మూడో రోజు ఊపిరాడక ఆసుపత్రిలో పడితే గానీ అది సాకు కాదని తేలలేదు. రక్తంలో గడ్డలు కట్టడం అందరికీ ఉన్నదేననీ, వాటిని కరిగించే ప్రొటీన్లు కూడా ఒంట్లోనే ఉంటాయనీ, త్రివేణి ఒళ్ళు ఆ కరిగించేవాటినే శత్రువులనుకొని వాటి మీదికి యాంటీబాడీలు తయారు చేస్తోందనీ డాక్టరు సృజన ఓపికగా చెప్పింది. త్రివేణి తనకు తెలిసిన లెక్కలో అర్థం చేసుకుంది: గోదాములో అడ్డం పడ్డ బస్తాలు తీయడానికి వచ్చిన మన హమాలీనే దొంగ అనుకొని మన వాచ్‌మన్ గేటు దగ్గర పట్టుకుంటున్నాడు, లోపల బస్తాలు పేరుకుపోతున్నాయి. రెండుసార్లు కడుపు నిలవకపోవడానికీ ఈ జబ్బే కారణం కావచ్చని కూడా డాక్టరు అంది. ఆ మాట ఇంట్లో చెబితే, బయట అనొద్దు, పరువు పోతదన్నాడు భర్త బద్రీనాథ్. మిరప బస్తాలో చెయ్యి పెట్టి లోపలి తడి చెప్పేసే మనిషి, ఉబ్బిన పెళ్ళాం కాలు ఒక్కసారి ముట్టి చూడలేదు. అప్పటి నుంచి రోజూ మందు మింగడం కూడా ఆమెకు దొంగపనే అయింది.

"రుద్దొద్దు అత్తమ్మా. గడ్డ ఉంటే కదిలి పైకి పోతది. దవాఖానకు పోదాం."

"గురువారం సంగారెడ్డోళ్ళు సంబంధం ఖాయం చేసుకోను వస్తున్నరు. ఏ దవాఖానకు పోయినా మనోళ్ళే ఎదురైతరు. నీ రోగం దానికెందుకు అంటగడ్తవే?"

అంటగట్టడమట. బయటి పిల్ల వస్తే ఇల్లు రెండవుతుందని సొంత తమ్ముడి బిడ్డను ఏరికోరి కోడలిగా తెచ్చుకుంది ఈమే. కడుపు నిలవనప్పుడు మాత్రం లోపం త్రివేణి తల్లి వైపు నుంచి వచ్చిందంది. ఇలాంటి జబ్బులు దగ్గరి చుట్టాల్లో కాస్త ఎక్కువ కనిపిస్తాయనీ, తప్పక వస్తాయని కాదుగానీ కీళ్ళ నొప్పులో, కాలి వాపో కనిపిస్తే చూపించుకోవాలనీ డాక్టరు చెప్పింది. ఆ మాటను త్రివేణి నాలుగేళ్ళుగా లోపలే దాచింది. మొన్న యామిని కీళ్ళ నొప్పులన్నప్పుడు కూడా నోరు విప్పలేదు. దాచినందువల్ల లాభం ఇంటి పరువుకు. నష్టం ఎవరికో ఇప్పుడు మంచం మీద కనబడుతోంది.

బద్రీనాథ్‌కు ఫోన్ చేసింది. గిరాకీ ఉంది, గురువారం దాకా ఆగుమన్నాడు.

"వదినా, ఊపిరి తీస్తే జెర ఛాతిల పట్టినట్టయితుంది" అంది యామిని మెల్లగా.

ఆ తర్వాత త్రివేణి ఎవరినీ అడగలేదు. ఆటో పిలిచి, యామినిని భుజానికి ఆనించుకొని మెట్లు దిగింది. వెనక నుంచి ఆదిలక్ష్మి అంది:

"బిడ్డల్ని కన్నదానివైతే తెలుస్తుండె నీకు."

మెట్టు మీద త్రివేణి కాలు ఆగింది. జవాబు చెప్పడానికి నిలబడితే ఆలస్యమయ్యేది యామినికి. దిగింది.

ఆసుపత్రిలో యామినిని స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోయారు. కౌంటర్ దగ్గర కుర్చీలో వాళ్ళ గల్లీ ముత్యమ్మ కూర్చొని ఉంది. ఆమె చెవిన పడ్డ మాట సాయంత్రానికి సంగారెడ్డి చేరుతుంది. చీటీ రాసే అమ్మాయి యామిని పేరు, వయసు అడిగి, మీరు ఆమెకు ఏమైతారని త్రివేణిని అడిగింది.

"వదిన, ఇంకేమైతది" అంది ముత్యమ్మ, తనను అడిగినట్టు.

"మేనమామ బిడ్డను" అంది త్రివేణి. గొంతు తగ్గించలేదు. "నాకు రక్తం గడ్డకట్టే జబ్బు ఉంది. మా ఇద్దరిదీ ఒకటే రక్తం. ముందు అది రాయండి."